పదమూడు వంటగదులు

ఇశ్రాయేలు మేస్టారి వంటగదిలో ఇద్దరికంటే పట్టరు. ఆ సంగతి తెలిసే ఇన్‌స్పెక్టర్ వెంకటకృష్ణారావు తన కానిస్టేబుల్‌తో సహా ముందే లోపల నిలబడి, డిటెక్టివ్ సంజీవరావును గుమ్మం దగ్గర ఆపేశాడు.

"రండి సార్, రండి. బెజవాడ నుంచి బస్సులో పడి వచ్చారు. చూసుకోండి. చూడ్డానికేం మిగల్లేదనుకోండి."

సంజీవరావు నవ్వలేదు. నవ్వకూడదని ఆయన ఒట్టేమీ పెట్టుకోలేదు. భార్య పోయిన దగ్గర్నుంచీ నవ్వు రావడం మానేసింది, అంతే. ఆకలీ అలాగే మానేసింది. టైముకు తింటున్నాడు, టైముకు పడుకుంటున్నాడు, ఎవరైనా కేసు తెస్తే టైముకు వెళుతున్నాడు. ఆవిడ పోయాక కొత్తగా నేర్చుకున్న విద్య ఒక్కటే: కిరసనాయిలు స్టవ్వు వెలిగించడం. అది బాగానే పట్టుబడిందని చెప్పాలి. మొదటి వారంలో పోయిన కనుబొమలు మళ్ళీ మొలిచాయి.

"కాస్త పక్కకి జరిగితే చూస్తాను," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ను బయటికి పంపాడు కానీ తాను జరగలేదు.

హనుమాన్ జంక్షన్ దాటి నూజివీడు వెళ్ళే రోడ్డు పక్కన, కాల్వ గట్టుకు ఆనుకుని ఉంది తొలకరి కాలనీ. మొత్తం పద్నాలుగు ఇళ్ళు. సగం నేతపని వాళ్ళవి, సగం క్రైస్తవులవి. సైన్సు మేస్టారుగా రిటైరైన ఇశ్రాయేలు ఐదేళ్ళ కిందట ఈ రెండు రకాల వాళ్ళనూ ఒక సహకార సంఘం కింద చేర్చి, గీత గీసినట్టు ఇళ్ళు కట్టించాడు. ఉమ్మడి పశువుల కొట్టం, ఉమ్మడి కూరల తోట. స్నానాల నీళ్ళు అరటి చెట్లకు, వాన నీళ్ళు తొట్టిలోకి. అన్నిటికీ మించి, కొట్టం వెనకాల ఒక గోబర్ గ్యాస్ ప్లాంటు. దాన్నుంచి పద్నాలుగు వంటగదులకూ గొట్టాలు. పేడ కుళ్ళి గ్యాసు అవుతుంది, గ్యాసు అన్నం అవుతుంది, మిగిలిన పేడ నీళ్ళు తోటకు ఎరువు అవుతాయి. కిరసనాయిలు కోసం ఊరంతా డబ్బాలు పట్టుకుని క్యూలో నిలబడుతుంటే, ఈ కాలనీ ఆడవాళ్ళు మాత్రం క్యూ ఎంత పొడుగుందో చూసి జాలిపడేవాళ్ళు.

మూడు రోజుల కిందట తెల్లవారేసరికి ఒంటరిగా ఉండే ఆ మేస్టారే తన మంచం మీద చనిపోయి ఉన్నాడు. ఊపిరాడక పోయాడని పోస్ట్‌మార్టంలో తేలింది. పొయ్యి కుళాయి తెరిచి ఉందన్నారు. గ్యాసు రాత్రంతా ఇంట్లో నిండిందన్నారు.

"జాలీలో ఈ గోనె ఎవరు కుక్కారు?" సంజీవరావు పొయ్యి పైనున్న ఇటుకల జాలీ వైపు చూస్తూ అడిగాడు.

"ఆయనే. మార్గశిరం చలి. వయసు మీద పడ్డ మనిషి."

"జాలీ లేకుండా ఒక్క వంటగది కట్టనివ్వలేదట ఈయన. ఎవరైనా గుడ్డ అడ్డం పెడితే జరిమానా వేసేవాడట."

"రూల్సు పెట్టేవాళ్ళు పాటిస్తారా సార్? ఇరవయ్యేళ్ళుగా పోలీసు డిపార్టుమెంటులో ఉన్నా, నాకు తెలీదూ?"

సంజీవరావు మునివేళ్ళ మీద లేచి గోనె అంచు పట్టుకు చూశాడు. జాలీ ఇటుకలకు బూజు పట్టి ఉంది. గోనెకు లేదు. చలి కాలమంతా ఉన్న గోనెకు కాస్తైనా బూజు, కాస్తైనా వంట మసి పట్టాలి. ఇది బజారు నుంచి ఇప్పుడే తెచ్చినట్టుంది.

"గోనె కొత్తది," అన్నాడు.

"చలి కూడా కొత్తదే. పోయిన వారమే మొదలైంది." ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకున్నాడు. "చూడండి, మీరు కష్టపడకుండా నేనే చెప్పేస్తా. ప్లాంటు దగ్గర మెయిన్ వాల్వు ఒకటుంది. పొద్దున కాసేపు, సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా తెరుస్తారు. తెరవడం, మూయడం అమలమ్మ పని. ఆ రాత్రి ఆవిడ మూయలేదు. మేస్టారు ఇంట్లో కుళాయి కట్టడం మర్చిపోయాడు. అక్కడ ఆవిడ, ఇక్కడ ఈయన. ఇద్దరి మతిమరుపూ ఒకే రాత్రి కలిసింది. ఈయన పోయాడు కాబట్టి ఈయన మీద కేసు పెట్టలేను. ఆవిడ ఉంది."

"మూయలేదని చూసిందెవరు?"

"సాంబమూర్తి గారు. సంఘం ఉపాధ్యక్షుడు. తెల్లవారుజామున రోజూ ఇద్దరూ కలిసి కాల్వ స్నానానికి వెళ్తారు. ఆ రోజు పిలిస్తే పలకలేదు. తలుపు తోశాడు, ఈయనకు గడియ పెట్టే అలవాటు లేదు. గ్యాసు వాసన గుప్పుమంది. కుళాయి కట్టేసి, కిటికీలు తీసి, పరుగెత్తుకెళ్ళి చూస్తే మెయిన్ వాల్వు బార్లా తెరిచి ఉంది. దాన్నీ మూసేశాడు. పెద్దమనిషి కాబట్టి అందరూ బతికారు."

"అమలమ్మ మూశానంటోంది కదా."

"జైలుకెళ్ళే వాళ్ళెవరూ మూయలేదని అనరు. డ్రమ్ము, డ్రమ్ము అని ఒకటే పాట. ఆ రోజు నేనొచ్చేసరికి ప్లాంటు మీద గ్యాసు నిలవుండే ఇనప డ్రమ్ము నిండుగా పైకి తేలి ఉంది, నిజమే. గ్యాసు రాత్రంతా పోతే డ్రమ్ము కిందికి దిగాలి కదా అంటుంది. ఇంజినీరును అడిగాను. ఒక్క పొయ్యి రాత్రంతా తాగినా ఆ డ్రమ్ముకు లెక్క కాదట, ఈలోగా కొత్త గ్యాసు పుడుతూనే ఉంటుందట."

"మిగతా పదమూడు ఇళ్ళు?"

"అందరూ కుళాయిలు కట్టుకునే పడుకున్నారు. స్టేట్‌మెంట్లు తీసుకున్నా. ఇంటి యజమానులందరి చేతా సంతకాలు పెట్టించా."

"యజమానులంటే?"

"యజమానులంటే యజమానులే సార్. మగవాళ్ళు." వెంకటకృష్ణారావు వాచీ చూసుకున్నాడు. "ఆరింటికి ఆవిణ్ణి జీపు ఎక్కిస్తున్నా. రేపు ప్లాంటుకు సీలు. మీకింకా రెండు గంటలుంది. టీ తాగడానికి సరిపోతుంది."

---

అమలమ్మ ప్లాంటు పక్కన, పేడ కలిపే తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. కాస్త దూరంలో కానిస్టేబుల్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. సంజీవరావును బెజవాడ నుంచి పిలిపించింది ఆవిడ భర్త మరియదాసే. ఆయన ఇప్పుడు వకీలు కోసం గుడివాడ వెళ్ళాడు.

"మీ ఆయన నన్ను రమ్మన్నాడమ్మా."

"ఊఁ."

"ఆ సాయంత్రం వాల్వు మూశావా?"

ఆవిడ డ్రమ్ము వైపు చూసింది. "మూశాననే అనుకుంటున్నానండి."

"అనుకుంటున్నావా?"

"మొదటి రోజు మూశానని చెప్పానండి. రెండో రోజు కూడా అదే చెప్పా. మూడో రోజుకి అందరూ ఒకటే మాట... నాకే అనుమానం వచ్చేసింది. రోజూ చేసే పని ఎట్టా గుర్తుంటుందండీ? నిన్న ఎన్నిసార్లు రెప్ప వేశావంటే చెప్పగలమా?"

ఏడుస్తూ చెబుతున్న మాట కాదది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ మాట్లాడే గొంతులా ఉంది. సంజీవరావుకు ఆ గొంతు బాగా తెలుసు. ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూ తనతో తాను మాట్లాడుకునే గొంతు అదే.

"మేస్టారంటే కోపమా?"

"ఆయనకి రోజూ మధ్యాహ్నం కూర పంపేదాన్నండి. నాలుగు రకాల ఆకుకూరలు మన తోటవే, ఎక్కడికక్కడ కోసుకుంటాం. ఉప్పు తక్కువైందని రోజూ అనేవాడు. రోజూ ఒకేలా వేసేదాన్ని." కాస్త ఆగింది. "నిన్న కూడా గిన్నెలో సర్దానండి. సర్దాక గుర్తొచ్చింది."

"నిన్ను తీసుకెళ్తారని భయంగా లేదూ?"

"మా అమ్మాయి నర్సు ట్రైనింగులో చేరిందండి మొన్ననే. కట్టెల ఖర్చు, కూరల ఖర్చు మిగిలితే కదా చేర్చాం. అమ్మ జైల్లో ఉందంటే ఉంచుకుంటారా అండీ వాళ్ళు?" ఆ ప్రశ్న ఆయన్ని అడిగిందో, డ్రమ్మును అడిగిందో తెలియలేదు. "నేను మూయకపోతే ఆయన్ని నేనే చంపినట్టు. మూసి ఉంటే, అందరూ నన్ను చంపుతున్నట్టు. ఏదో ఒకటి తేలితే బాగుండునండి. ఏదైనా ఫర్లేదు."

సంజీవరావు ఇళ్ళ వరుస వైపు నడిచాడు.

---

సాంబమూర్తి ఇల్లు వరుసలో మొదటిది. చీరల వ్యాపారం, మెడలో సన్నటి గొలుసు, ఎవరొచ్చినా కుర్చీ వేసే మర్యాద. సంజీవరావు అరుగెక్కేలోపే కుర్చీ వేయించాడు.

"చౌడమ్మా, టీ పెట్టు. బెజవాడ నుంచి వచ్చారు," అని లోపలున్న భార్యకు కేకేశాడు.

"గ్యాసు రానివ్వండి," అని లోపల్నుంచి జవాబు వచ్చింది.

"అదిగో, అంతే. ఇక్కడ అన్నిటికీ టైము. ఐదింటిదాకా ఆగాలి." సాంబమూర్తి ఎదురుగా కూర్చున్నాడు. "అలవాటైతే అదే సుఖమండి. నేను కాలనీకి వచ్చేముందు కట్టెల అడితీకి పోసిన డబ్బుతో రెండు మగ్గాలు కొనొచ్చు. ఇప్పుడు కట్టె కొనే పని లేదు. కూరగాయ కొనే పని లేదు. డాక్టరు మా వీధి మొహమే మర్చిపోయాడు, మురుగు ఉంటే కదా దోమ, దోమ ఉంటే కదా జ్వరం. ఇంకో సంగతి చెబుతా. మొదట్లో మావాళ్ళు కొందరు గొణిగారు. వాళ్ళ గేదె పేడతో వచ్చిన గ్యాసు మీద మన అన్నం వండటమేమిటి అని. గొట్టంలో కలిశాక ఏది ఎవరి గేదెదో విడదీసి ఇస్తే విడిగానే వండుకోండి అన్నాడు మేస్టారు. అంతే, నోళ్ళు మూతపడ్డాయి. ఇప్పుడు ఎవరింట్లో పెళ్ళయినా కాలనీ ఆడవాళ్ళంతా ఒకే చోట గరిటె తిప్పుతారు."

"అంత మంచి చోటుని అమ్మేద్దామంటున్నారట మీరు."

సాంబమూర్తి మొహంలో ఏమీ కదల్లేదు. "ఎవరు చెప్పారు?"

"రోడ్డు పక్కన తోట స్థలం రైసుమిల్లుకి అడుగుతున్నారని జంక్షన్‌లో టీ కొట్టు వాడు కూడా చెబుతున్నాడు. సెక్రటరీగా మేస్టారి సంతకం లేకుండా అమ్మడానికి వీల్లేదని కూడా చెప్పాడు. టీ కొట్టు వాళ్ళకి తెలియనిది ఉండదు కదా."

"మేస్టారు వద్దన్నాడు, నేను సరేనన్నాను. పెద్దవాడు, ఎదురు చెప్పలేదెప్పుడూ. ఇప్పుడు సంగతి వేరండి. మనిషిని మింగిన గ్యాసు. ఆదివారం మీటింగులో వాళ్ళే అంటారు, అమ్మేసి పోదామని. నేనెవర్ని ఆపడానికి?"

"ఇప్పుడు సెక్రటరీ?"

"ఎన్నుకునేదాకా ఉపాధ్యక్షుడే చూసుకోవాలి. రూలు. మేస్టారు రాసిందే."

"ఆ తెల్లవారుజామున వాసన ఎలా వచ్చింది?"

"గుప్పున. కళ్ళు మండాయి. ఇంకో అడుగు వేస్తే నేనూ పడిపోయేవాణ్ణి."

"మీ తర్వాత వచ్చినవాళ్ళకు వాసన వచ్చిందా?"

"కిటికీలు తీశాను కదండీ. కొందరికి వచ్చిందంటారు, కొందరు లేదంటారు."

"మీ ఇంట్లో కుళాయి?"

"కట్టకుండా ఉండటమా? మా ఇంట్లోనా? కమిటీ మెంబరు ఇంట్లోనే రూలు తప్పితే ఇంకేమన్నా ఉందా? పద్నాలుగు ఇళ్ళలో ఒక్క కుళాయి తెరిచి ఉంచడం నేనెరగను. మేస్టారు గొడుగు పుచ్చుకుని వంటగదులు తనిఖీ చేసేవాడు. ఒక్కసారి కూడా ఎవరూ పట్టుబడలేదు. అంత నిష్ఠ."

అప్పటికి ఐదయింది. కొట్టం వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వినపడింది. ఆఖరిసారి గ్యాసు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు కాబోలు, అమలమ్మ చెబుతుంటే కానిస్టేబులే వాల్వు తిప్పాడు.

అరుగు మీద కూర్చుంటే తలుపు సందులోంచి వంటగది సగం కనపడుతుంది. పొయ్యి కనపడుతుంది, పొయ్యి దగ్గర మనిషి లేదు. చౌడేశ్వరమ్మ పెరట్లో గిన్నె కడుగుతోంది. ఖాళీ వంటగదిలో పొయ్యి 'స్...' అంది. ఆవిడ తడి చేతులు పైటకు తుడుచుకుంటూ వచ్చి, అగ్గిపుల్ల గీసి పొయ్యి మీద పెట్టింది. నీలం మంట లేచింది. గిన్నె ఎక్కించింది.

సాంబమూర్తి ఇంకా నిష్ఠ గురించే చెబుతున్నాడు. సంజీవరావు కుర్చీలో కదలకుండా ఆ మంట వైపు చూస్తూ ఉండిపోయాడు. పొయ్యి వెలిగించడం రాని రోజుల్లో అయితే ఆయనకు అందులో వింత కనపడేది కాదు.

టీ వచ్చింది. తాగాడు. వేడిగా ఉందని తెలిసింది, రుచి తెలియలేదు. గ్లాసు పట్టుకుని లేచి నేరుగా వంటగదిలోకి వెళ్ళాడు.

"అయ్యో, అక్కడే పెట్టండి అన్నయ్యగారూ," చౌడేశ్వరమ్మ కంగారుగా చెయ్యి చాపింది.

"ఇంట్లో నా గ్లాసు నేనే కడుక్కుంటానమ్మా. అలవాటైంది." ఆయన బిందెలోని నీళ్ళు వంచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "కుళాయి ఎప్పుడు తిప్పావు?"

"ఇప్పుడేగా."

"నువ్వు పెరట్లో ఉండగానే పొయ్యి మోగింది."

ఆవిడ వెనక్కి తిరిగి అరుగు వైపు చూసింది. సాంబమూర్తి వీధిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"ఈయనకు చెప్పకండి," అంది.

"చెప్పను."

"ఇత్తడి కుళాయండి, బిగుసుకుపోతుంది. రోజుకి రెండుసార్లు దాంతో కుస్తీ ఎవరు పడతారు? ఎట్టాగూ అక్కడ పెద్దది మూసేస్తారుగా. పైగా తెరిచి ఉంచితే, గ్యాసు రాగానే స్సుమని అదే పిలుస్తుంది. ముందు అంటించుకున్న వాళ్ళకే మంట జోరు. ఆలస్యమైతే పప్పు ఉడికేసరికి ప్రాణం పోతుంది."

"మరి తనిఖీ?"

"మేస్టారి గొడుగు చప్పుడు మొదటింటికే వినపడేది. నేను చెంబు కింద పడేసేదాన్ని. పక్కింటావిడ విని ఇంకో చెంబు పడేసేది. ఆయన వచ్చేలోపు వరసంతా కట్టేసుకునేవాళ్ళం." ఆవిడ పెదాల చివర ఒక్కక్షణం ఏదో మెరిసి పోయింది. "పాపం, ఈ కాలనీ ఆడవాళ్ళకి చేతుల్లో పట్టు లేదు, గిన్నెలు తెగ పారేసుకుంటారు అనేవాడు."

"అందరిళ్ళలోనూ ఇంతేనా?"

"సీతమ్మ వదిన ఒక్కతే కొన్నాళ్ళు కట్టిందండి. ఆవిడకి రోజూ ఆఖరి మంట. ఆవిడా మానేసింది. మగవాళ్ళకెవరికీ తెలీదు. వాళ్ళు కమిటీ కదా."

"ఆ రాత్రి కూడా పదమూడు కుళాయిలూ తెరిచే ఉన్నాయన్నమాట."

"ఏ రాత్రయినా అంతే."

"ఆ రాత్రి నీ పొయ్యి మోగిందా?"

"మోగితే నాకు మెలకువ రాదూ? చలికాలం నేను పడుకునేది ఇదిగో, ఈ పొయ్యి పక్కనే."

సంజీవరావు గ్లాసు కడిగాడు. కడిగిందే ఇంకోసారి కడిగాడు. ఈ మాట ఎక్కడికి పోతుందో ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. ఇలాంటప్పుడు మనిషికి జాలో, సంతోషమో ఏదో ఒకటి కలగాలి. లోపల వెతుక్కున్నాడు. ఏమీ తగల్లేదు.

"ఈ మాట ఇన్‌స్పెక్టర్ ముందు చెప్పాలమ్మా."

"చెబితే అమలమ్మ వదినని వదిలేస్తారా?"

"వదిలేస్తారు."

"మరి ముందే ఎందుకు చెప్పలేదని మమ్మల్ని ఏమీ అనరుగా?"

"అనరు."

"అంతేనా? ఇంకేం కాదుగా?"

ఆయన గ్లాసు బోర్లించాడు. "ముందు అమలమ్మను వదిలేస్తారు," అన్నాడు.

చౌడేశ్వరమ్మ పొయ్యి కట్టేసింది. రెండు చేతులతో గట్టిగా తిప్పాల్సి వచ్చింది.

---

ఆరు కాకముందే జీపు ఇంజను ఆన్ చేశారు. అమలమ్మ చేతిలో చిన్న సంచి ఉంది. సంచిలో ఏం పెట్టుకోవాలో తెలియక ఒక చీరా, బైబిలూ పెట్టుకున్నట్టుంది. కాలనీ అంతా రోడ్డు మీదే ఉంది. ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు.

"టీ అయిందా సార్?" వెంకటకృష్ణారావు పలకరించాడు.

"అయింది. ఈవిడ మీకో మాట చెబుతుంది, వినండి."

"స్టేట్‌మెంట్లు అయిపోయాయి."

"మగవాళ్ళవి."

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా తిరిగాడు. చౌడేశ్వరమ్మ ముందుకు వచ్చింది. పైట భుజం చుట్టూ కప్పుకుంది. ఇంతమంది మగవాళ్ళ ముందు ఆవిడ నోరు విప్పడం కాలనీ ఎప్పుడూ చూడలేదు.

"మా ఇంట్లో కుళాయి ఆ రాత్రి తెరిచే ఉందండి. రోజూ తెరిచే ఉంటుంది."

"చౌడమ్మా!" సాంబమూర్తి గొంతు గుంపులోంచి వచ్చింది. "తెలిసీ తెలియకుండా మాట్లాడకు. కుళాయి కట్టే ఉంటుందండి, నేను సంతకం పెట్టాను."

"మీరెప్పుడన్నా చూశారా?" ఆవిడ తిరగకుండానే అడిగింది. "పొయ్యి ఏ వైపు ఉందో మీకు తెలుసా?"

ఎవరో మగాడు నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు.

"ఒక్క ఇల్లు తెరిచి ఉంటే ఏమైందమ్మా?" అన్నాడు వెంకటకృష్ణారావు.

"ఒక్క ఇల్లు కాదండి." ఆవిడ వరసగా నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చూసింది. "సీతమ్మ వదినా, చెప్పు."

సీతమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని తల ఊపింది. పక్కనున్నావిడ ఊపింది. ఆ పక్కనున్నావిడ తన భర్త వైపు భయంగా చూసి ఊపింది. ఊపిన తలలు అలా రోడ్డు చివరిదాకా వెళ్ళాయి. ఆఖరి తల అమలమ్మది. వాల్వు మూసే మనిషి కూడా తన ఇంట్లో కుళాయి కట్టదు.

ఇన్‌స్పెక్టర్ ఇంకా అందుకోలేదు. సంజీవరావు నెమ్మదిగా చెప్పాడు. "అక్కడ మెయిన్ వాల్వు రాత్రంతా తెరిచి ఉంటే, గ్యాసు మేస్టారి ఇంటికి ఒక్కదానికే పోదండి. తెరిచి ఉన్న పద్నాలుగు పొయ్యిల్లోంచీ పోతుంది. పదమూడు ఇళ్ళలో పడుకున్న వాళ్ళందరికీ వాసన రావాలి. ఒక్కరికీ రాలేదు. ఒక్క పొయ్యికి డ్రమ్ము దిగదని మీ ఇంజినీరు చెప్పాడు. పద్నాలుగింటికి దిగదా? తెల్లవారి మీరొచ్చేసరికి నిండుగా తేలి ఉందని మీరే అన్నారు."

జీపు డ్రైవరు అడక్కుండానే ఇంజను ఆపేశాడు.

వెంకటకృష్ణారావు టోపీ తీసి లోపలికి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఓడిపోయిన వాళ్ళు రకరకాలు. ఈయన మంచి రకం. ఒప్పుకోడు కానీ పని మాత్రం చేస్తాడు. "వాల్వు మూసే ఉందన్నమాట," అన్నాడు. "అమలమ్మా, నువ్వు ఇంటికెళ్ళు."

అమలమ్మ కదల్లేదు. "మూశానన్నమాట," అంది, తనలో తాను. "మూశాను." సంచి చేతిలోంచి జారి కింద పడింది. దాన్ని తీయడానికి వంగి, అలాగే రోడ్డు మీద చతికిలబడింది. సీతమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ ఆలోచిస్తున్నాడు. ఆలోచన ఆయన మొహం మీద అక్షరం అక్షరంగా కనపడుతోంది. "వాల్వు మూసి ఉంటే మేస్టారింట్లో గ్యాసు లేదు. గ్యాసు లేకపోతే ఊపిరాడకపోవడం గ్యాసు వల్ల కాదు. అయితే ఆ వాసన..." అక్కడ ఆగాడు. "గుప్పున కొట్టిందన్నారు కదా, సాంబమూర్తి గారూ?"

"ఆందోళనలో ఉన్నానండి." సాంబమూర్తి గొంతు మర్యాదగానే ఉంది. "తెరిచి ఉన్న కుళాయి చూసేసరికి వాసన వచ్చినట్టే అనిపించి ఉంటుంది."

"బార్లా తెరిచి ఉన్న వాల్వు కూడా అనిపించిందేనా?"

కానిస్టేబుల్ రుమాలు జేబులో పెట్టుకుని సాంబమూర్తి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

చౌడేశ్వరమ్మ ఇన్‌స్పెక్టర్‌ను చూసింది. కానిస్టేబుల్‌ను చూసింది. ఆ తర్వాత సంజీవరావును చూసింది, చాలాసేపు. 'ముందు' అన్న మాట ఆయన ఎందుకు వాడాడో ఆవిడకు ఇప్పుడు అర్థమైంది. ఆయన తల దించుకోలేదు. దించుకుంటే బాగుండునని మాత్రం అనుకున్నాడు.

"చౌడమ్మా," అన్నాడు సాంబమూర్తి, మెత్తగా. "లోపలికి పద."

ఆవిడ వెళ్ళలేదు.

"ఆ రోజు చీకటితో లేచి మీరు నాకో మాట చెప్పారు," అంది. అందులో కోపం లేదు, నింద లేదు. "ఈ పూట పొయ్యి వెలిగించొద్దన్నారు."

"నేనా? ఎప్పుడు?"

"దేనికో అడగలేదు నేను. తర్వాత మేస్టారు పోయారని కేకలు వినపడ్డాయి, అందుకే కాబోలు అనుకున్నాను." ఆవిడ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "వీధిలో శవం లేచేదాకా పొయ్యి వెలిగించకూడదు కదండీ. ఈయన చెప్పింది సబబే."

ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు.

"కాకపోతే," అంది చౌడేశ్వరమ్మ, "అప్పటికి మేస్టార్ని లేపడానికి ఈయన ఇంకా మా గుమ్మం దాటలేదండీ."